పెరటి చూపులు

త్సిరిల్ గేటు తీయకముందే ఆకాశం చూశాడు.
తర్వాత నన్ను.
ఆ తర్వాతే పెరటిని,
పిల్లని చూడ్డానికొచ్చిన పెద్దమనిషిలా,
ఏమీ అననట్టు, అంతా చూసినట్టు.

కామ్నిక్ ఊరి చివర, ఏప్రిల్.
ఉత్తరాన కొండలు
ఇంకా తలగుడ్డలు విప్పలేదు.
బస్సు నడుపుతాను నేను, పద్నాలుగేళ్ళుగా ఒకటే దారి.
రెండు పెట్టెలకి చోటుందా అనడిగితే
జవాబు లేదు.
బక్కెట్ బోర్లించి కూర్చున్నాడు.

"మంచు ఆఖరున ఎక్కడ కరుగుతుంది?"
ఏడేళ్ళుగా ఉంటున్న ఇల్లు. తెలీదు.
"పొద్దుటెండ ముందు ఏ మూలకొస్తుంది?"
ఆ వేళకి డిపోలో ఉంటాను.
అగ్గిపుల్ల గీశాడు, సిగరెట్ లేకుండానే.
పొగ కంచెవైపు వంగింది,
కాసేపాగి, మనసు మార్చుకుని, ఇంటివైపు.
"ఊఁ" అన్నాడు.
ఆ ఊఁలో అవునూ లేదు, కాదూ లేదు.

రేగుచెట్టు కింద వద్దట,
చలి అక్కడ గుంటలో నీళ్ళలా నిలుస్తుందట.
షెడ్డు గోడ పక్కన అయితే వెనక ఆసరా, ముందు తూర్పు.
కంచె మనిషెత్తు దాటింది, మంచిదే,
బయల్దేరినవి పైకి లేస్తాయి,
వీధిలో వాళ్ళ ముఖాల మీదకి పోవు.
"నా దగ్గర పూలే లేవు" అన్నాను.
"నీలా అవి ఒకే దారికి కట్టుబడవులే."
వేలు చాపి చూపించాడు: గుడి చుట్టూ లిండెన్లు,
ఆ వాలంతా చెస్ట్‌నట్, జూన్‌లో చేదుతేనె.
నీళ్ళు మాత్రం నువ్వే పెట్టాలి, గులకరాళ్ళేసి,
లేదంటే పక్కింటివాళ్ళ తొట్టి వెతుక్కుంటాయి.

పక్కింట్లో మిల్కా దుప్పట్లు ఆరేస్తోంది.
రేగుకొమ్మ కొట్టేసిన రోజునుంచీ
మా మధ్య పలకరింపే తప్ప మాట లేదు.
త్సిరిల్ గొంతు తగ్గించాడు:
చలికాలమంతా బిగబట్టుకునుంటాయి, మర్యాదస్థులు,
గూట్లో మాత్రం చెయ్యవు.
ఫిబ్రవరిలో మొదటి వెచ్చటి మధ్యాహ్నం
అన్నీ ఒక్కసారే బయటికొచ్చి భారం దించుకుంటాయి.
పసుపు చుక్కలు. తెల్లదుప్పటి ఉంటే, దాని మీదే.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
"పోయినేడు నావి రెండు గూళ్ళు చనిపోయాయి."
మా భాషలో ఆవు చస్తుంది, కుక్క చస్తుంది,
మనిషైతే చనిపోతాడు.
తేనెటీగకి మనిషి మాటే.
ఆ పెద్దరికం ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో,
బడిలో ఎవరూ చెప్పలేదు,
తప్పుగా అంటే మాత్రం చెవి మెలేసేవారు.

"అవి పోతే నువ్వేడుస్తావు, సరే.
నువ్వు పోతే వాటికి చెప్పేదెవరు?"
నవ్వుతున్నాడేమోనని చూశాను.
లేదు.
"పెట్టె మీద మూడుసార్లు తట్టాలి.
మీ యెర్నేయా ఇక లేదు, మీరుండండి, అనాలి.
చెప్పకపోతే అవీ నిలవవనేది మా అమ్మ."

లెక్కపెట్టుకున్నాను.
గ్రాజ్‌లో తమ్ముడు, క్రిస్మస్‌కి ఫోను.
డిపోలో నలుగురు, కందిరీగకే పరుగెత్తే రకం.
ఎండకీ గాలికీ నీటికీ నెగ్గిన పెరడు
ఇక్కడ ఓడిపోయేట్టుంది.

కంచె అవతల్నించి, నోట్లో క్లిప్పుతోనే:
"మే మెప్తాలే."
ఇద్దరం తిరిగి చూశాం.
మిల్కా క్లిప్పు తీసి, దుప్పటంచుకి పెట్టి,
మళ్ళీ, విడివిడిగా:
"నేను చెప్తా లే అన్నాను.
కానీ ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం
ముందు నాకు ఫోన్ చెయ్యాలి."

త్సిరిల్ లేచాడు, మోకాళ్ళు టక్కుమన్నాయి.
షెడ్డు పక్కన ఓ పుల్ల పాతాడు,
తీసి, జానెడు ఎడమకి పాతాడు.
"పెట్టెలు వచ్చే ఏడు.
ముందు ఒక చలికాలం ఈ పెరట్లో నువ్వుండు."

ఆదివారం, సెలవే అయినా, అయిదింటికి లేచి
కాఫీ కప్పుతో నిలబడ్డాను.
ఎండ అన్నిటికన్నా ముందు తాకింది
మిల్కా తీగ మీద మర్చిపోయిన
ఒంటి మేజోడుని.